అప్‌డేట్: బర్గర్ తిన్న మూడు గంటలకే వేసే ఆకలి

సాయంత్రం ఏడింటికి గుంటూరు బ్రాడీపేటలో చికెన్ బర్గర్, ఫ్రెంచ్ ఫ్రైస్ తృప్తిగా తిన్నా పదింటికల్లా మళ్లీ ఆకలి వేస్తోందని, అంత నూనె తిన్నాక అదెలా సాధ్యమని గత నెల అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

కొవ్వు ఆలస్యంగా అరుగుతుంది కాబట్టి ఆకలిని కూడా అంతసేపు ఆపుతుందనుకోవడమే నా పొరపాటు. కొవ్వు చిన్నపేగును చేరగానే కోలిసిస్టోకైనిన్ అనే హార్మోన్ విడుదలై, జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగం తగ్గే మాట నిజమే; అయితే మాంసకృత్తుల్లోనూ పిండిపదార్థాల్లోనూ గ్రాముకు 4 కిలోకాలరీలే ఉండగా కొవ్వులో 9 ఉండటం వల్ల, చూడటానికి కొంచెంగానే ఉన్న తిండితో, కడుపు నిండిన సంగతి మెదడుకు తెలిసేలోపే, అవసరానికి మించిన శక్తి లోపలికి చేరుతుంది. 1995లో సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు సమాన కాలరీలున్న పదార్థాలు కలిగించే తృప్తిని పోల్చినప్పుడు, తెల్ల బ్రెడ్‌ను 100గా తీసుకుంటే ఉడికించిన బంగాళాదుంపకు 323, ఫ్రెంచ్ ఫ్రైస్‌కు 116, వెన్న దండిగా ఉండే క్రోసాంట్ అనే బేకరీ తినుబండారానికి 47 వచ్చాయి. దుంప అదే, నీరు పోయి నూనె చేరింది.

మూడు వారాలుగా సాయంత్రం రెండు ఉడికించిన గుడ్లు, ఒక గిన్నెడు శనగ గుగ్గిళ్లు తింటున్నాను. పదింటి ఆకలి చాలావరకు తగ్గింది. అయితే ఈ మధ్య మునుపటికంటే త్వరగా పడుకుంటున్నాను కూడా కనుక ఘనతంతా గుడ్లకే కట్టబెట్టలేను. ఆదివారం మిరపకాయ బజ్జీలు మాత్రం మానలేదు.