ఇటుక కొన్నవారికి బట్టీలోని వెట్టిచాకిరీతో సంబంధం లేదా?

చర్చాంశం: ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి ఏటా ఎన్నో కుటుంబాలు అడ్వాన్సు తీసుకొని తెలుగు రాష్ట్రాల ఇటుక బట్టీలకు వస్తున్నాయి. అక్కడ వెట్టిచాకిరీ బయటపడితే బట్టీ యజమానిపై కేసు పెడతారు. ఆ ఇటుకతో అపార్టుమెంట్లు కట్టిన సంస్థను కూడా ప్రభుత్వం జవాబుదారీ చేయాలా?

బట్టీ యజమాని: చేయకూడదు. అడ్వాన్సు ఇవ్వకపోతే సీజనుకు ఎవరూ రారు. పెళ్లికో వైద్యానికో కావాలని వారే అడిగి తీసుకుంటారు. మధ్యలో వెళ్లిపోతే మునిగేది మేమే. పైగా దళారి దగ్గర లారీ లోడు కొనే బిల్డరుకు ఏ ఇటుక ఏ బట్టీదో ఎలా తెలుస్తుంది?

కార్మిక న్యాయవాది: అడ్వాన్సు ఇవ్వడాన్ని ఎవరూ తప్పుపట్టడం లేదండీ, అది తీరేదాకా మనిషిని కదలనివ్వకపోవడమే నేరం. 1976 నాటి వెట్టిచాకిరీ రద్దు చట్టం అలాంటి అప్పును కొట్టివేసి, అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకునే భారాన్ని అప్పిచ్చినవారిపైనే పెట్టింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం కూడా రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ చాకిరీయేనని ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో 1982లో సుప్రీంకోర్టు తేల్చింది. బట్టీ లెక్క ఎలా నడుస్తుందో చూడండి: వారం వారం ఖర్చులకు కొంత చేతికిస్తారు, వెయ్యి ఇటుకలకు ఇంత అని తేల్చేది సీజను చివరనే, పుస్తకం ఉండేది యజమాని దగ్గరే. మొగుడూ పెళ్లాం, చాలాచోట్ల పిల్లలూ కలిసి చేసిన పని ఒక్కరి పేరుమీదే పడుతుంది. ఇంత చౌకగా ఇటుక ఎలా వస్తోందని కొనేవారు అడగనంత కాలం ఆ పుస్తకాన్ని ఎవరూ తెరవరు.

విశ్రాంత కార్మికశాఖ అధికారి: బ్రిటన్ 2015లో చట్టం చేసి, ఏటా 3.6 కోట్ల పౌండ్లు, ఆపైన టర్నోవరున్న సంస్థలు తమ వ్యాపారంలో, తమకు సరుకు అందించేవారి దగ్గర వెట్టిచాకిరీ లేకుండా ఏం చర్యలు తీసుకున్నాయో ప్రకటన ఇవ్వాలంది. ఏ చర్యా తీసుకోలేదని రాసిచ్చినా ఆ చట్టానికి సరిపోతుంది. మనకూ అలాంటి కాగితమే వస్తే ఏం లాభం? 1976 చట్టం అమలును చూసేందుకు అదే చట్టం చెప్పిన జిల్లా విజిలెన్స్ కమిటీలను ముందు సక్రమంగా నడపాలి.

కార్మిక న్యాయవాది: కమిటీలు నడవాల్సిందే, ఉత్త కాగితం పనికిరాదన్నదీ ఒప్పుకుంటాను. అందుకే ఐరోపా సమాఖ్య 2024లో మరో దారి పట్టింది: నిర్బంధ శ్రమతో తయారైన సరుకును 2027 డిసెంబరు నుంచి తన మార్కెట్లో అమ్మనివ్వదు. బిల్డరును బాధ్యుణ్ని చేయడం మనకూ కొత్త కాదు. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే అతనికి పని అప్పగించిన ప్రధాన యజమానే చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టమే చెప్పింది. ఇటుక ఏ బట్టీదో బిల్లులో రాయించి, ఆ బట్టీలో ఆడా మగా ఎవరి కూలి వారి ఖాతాలో నెలనెలా పడినట్టు రుజువు చూపితేనే బిల్డరుకు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కట్టిన భవనంలో నివాసానికి అనుమతి పత్రం) ఇవ్వాలని నా అభిప్రాయం.