ఊరి బయట పొలంలో మాల్ కట్టాలని అసలు ఎందుకనిపించింది? (సౌత్‌డేల్ గురించి)

మొక్కజొన్నచేను:
అందరికీ నమస్తే. పైకప్పు వేసి లోపలంతా ఏసీ పెట్టిన మొదటి షాపింగ్ మాల్ అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం ఈడైనాలో ఉన్న సౌత్‌డేల్ అని చదివాను, 1956 అక్టోబర్‌లో తెరిచారంట. నాకు బుర్రకెక్కనిది ఏంటంటే దాన్ని కట్టించింది డేటన్స్ వాళ్ళు, వాళ్ళకి మినియాపోలిస్ డౌన్‌టౌన్‌లో బ్రహ్మాండమైన డిపార్ట్‌మెంట్ స్టోర్ ఉంది, అది నడుస్తుండగానే ఊరి బయట పొలాల్లో 2 కోట్ల డాలర్లు పోసి ఇంకోటి కట్టడం అంటే తన కొట్టుకి తనే పోటీ పెట్టుకోవడం కాదా? "కార్లొచ్చాయి, అందుకే" అని అందరూ ఒక్క ముక్కలో తేల్చేస్తారు, కానీ కార్లు 1920ల్లోనే ఉన్నాయిగా. ఇంకోటి, దాన్ని డిజైన్ చేసినాయనే తర్వాత మాల్స్‌ని తిట్టిపోశాడని కూడా విన్నాను. తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

పాతనక్షా:
1920ల్లో కట్టలేదని ఎవరన్నారండీ, కాన్సాస్ సిటీలో జె.సి. నికోల్స్ అనే బిల్డర్ కట్టిన కంట్రీ క్లబ్ ప్లాజా మొదలైంది 1923లోనే, అదీ కార్లలో వచ్చేవాళ్ళ కోసమే. కాకపోతే అది వీధుల వెంట షాపులు ఉండే బజారే, మాల్ అనలేం. తర్వాత మాంద్యం, ఆ వెంటనే యుద్ధం, పదిహేనేళ్ళు ఎవరికీ పెద్దగా కట్టే ఊపు లేదు. యుద్ధం అయ్యాక కథ మారింది. 1944 చట్టం పుణ్యమా అని తిరిగొచ్చిన సైనికులకి ప్రభుత్వ గ్యారంటీతో ఇంటి లోన్లు, అవి ఎక్కువగా వెళ్ళింది ఊరి బయట కొత్తగా కట్టే ఇళ్ళకి. అంటే కొనేవాళ్ళు ముందే బయటికెళ్ళిపోయారు, షాపులు వెనకాల పరిగెత్తాయి. సియాటెల్ నార్త్‌గేట్ 1950, బోస్టన్ అవతల ఫ్రేమింగ్‌హామ్‌లో షాపర్స్ వరల్డ్ 1951, డెట్రాయిట్ పక్కన నార్త్‌లాండ్ 1954, ఇవన్నీ సౌత్‌డేల్ కంటే ముందువే, కానీ నడిచే దారి మీద కప్పు లేదు.

డేటన్స్ లెక్క సింపుల్. మన కస్టమర్ ఎలాగూ ఊరి బయట కొనబోతున్నాడు, ఆ కొట్టేదో వేరేవాడిది కాకుండా మనదే అయితే పోలా అని. పైగా వాళ్ళు మాల్ ఒక్కటే అనుకోలేదు, చుట్టూ 460 ఎకరాల పైన ప్లాన్ వేశారు. మాల్ వస్తే చుట్టుపక్కల స్థలం రేటు పెరుగుతుంది, ఆ పెరిగింది పక్కవాడి జేబులోకి ఎందుకు పోవాలి? నన్నడిగితే మొత్తం కథలో అసలు పాయింట్ ఇదే, చీరలు చొక్కాలు అమ్మడం కంటే నేల విలువ పెంచడమే పెద్ద వ్యాపారం.

ఇక ఆర్కిటెక్ట్ విక్టర్ గ్రూయెన్. 1903లో వియన్నాలో పుట్టాడు, యూదుడు, 1938లో హిట్లర్ ఆస్ట్రియాని కలిపేసుకున్నాక పారిపోయి న్యూయార్క్ వచ్చాడు. ఆయనకి అమెరికా శివార్లు చూస్తే ఒళ్ళు మంట, మనుషులు కార్లలోంచి దిగరు, కలుసుకునే చోటు లేదు, రోడ్డు పొడుగునా అడ్డదిడ్డంగా షాపులు. అందుకని వియన్నాలో లాగా నడుచుకుంటూ తిరిగే ఊరి నడిబొడ్డుని ఒకే కప్పు కింద తయారు చేద్దామనుకున్నాడు. సౌత్‌డేల్ చుట్టూ ఆయన గీసిన నక్షాలో ఇళ్ళు, అపార్ట్‌మెంట్లు, స్కూళ్ళు, మెడికల్ సెంటర్, పార్కు, చెరువు కూడా ఉన్నాయి. మిన్నెసోటా చలి సంగతి తెలిసిందేగా, అక్కడ ఆరుబయట షాపింగ్ అంటే ఏడాదిలో కొన్ని నెలలే, కాబట్టి లోపల ఎప్పుడూ 24 డిగ్రీలు ఉండేలా ఏర్పాటు, మధ్యలో పెద్ద చావడి, చెట్లు, పక్షుల పంజరం, కాఫీ షాపు, శిల్పి హ్యారీ బెర్టోయా చేసిన లోహపు చెట్లు.

తెలివంతా ప్లాన్‌లోనే ఉంది. అంతకుముందువి ఎక్కువగా ఒకే అంతస్తు, నడవలేక చచ్చేవాళ్ళు. ఈయన రెండంతస్తులు పెట్టి పార్కింగ్‌ని కూడా రెండు ఎత్తుల్లో చేశాడు, ఒకవైపు నుంచి వస్తే కింద ఫ్లోర్, ఇంకోవైపు నుంచి వస్తే పై ఫ్లోర్, దాంతో పై షాపుకి జనం రారు అనే బాధ లేదు. 72 షాపులు, 5,200 కార్లకి చోటు, డేటన్స్‌తో పాటు వాళ్ళకి బద్ధ పోటీదారైన డోనల్డ్‌సన్స్ కూడా అదే కప్పు కింద. షాపుల అద్దాలన్నీ లోపలివైపే, బయట నుంచి చూస్తే బోసి గోడలు. తెరిచిన కొద్దిరోజులకే పేరుమోసిన ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ వచ్చి చూసి, పల్లె వీధిలో ఉండే చెడంతా ఉంది, అందం మాత్రం ఒక్కటీ లేదన్నాడు, ఆయన నోరు అలాంటిదే లెండి.

మాల్ సూపర్ హిట్. ఊరు మాత్రం రాలేదు. స్థలం రేటు పెరిగాక గ్రూయెన్ నక్షా ఎవడిక్కావాలి, ఎవరికి తోచింది వాళ్ళు కట్టారు, మాల్ చుట్టూ మిగిలింది పార్కింగ్. తర్వాత దేశమంతా మాల్‌ని కాపీ కొట్టారు, చుట్టూ ఉండాల్సిన ఊరిని ఎవరూ కాపీ కొట్టలేదు. ఆయన 1968లో విసిగి వియన్నా వెళ్ళిపోతే 1976లో ఆ ఊరి బయట కూడా షాపింగ్ సిటీ జూడ్ అని పెద్ద మాల్ వచ్చిపడింది పాపం. 1978లో లండన్‌లో మాట్లాడుతూ ఈ మాల్స్ అనే అక్రమ సంతానానికి భరణం నేను కట్టనని చెప్పేశాడు. మీరు విన్న తిట్టు ఇదే అయ్యుంటుంది.

తరుగుదల_ఖాతా:
పాతనక్షా గారూ బాగా రాశారు కానీ టాక్స్ సంగతి వదిలేశారు. 1954లో ఆదాయపన్ను చట్టం మార్చి కొత్త బిల్డింగ్ తరుగుదలని (అంటే పాతబడేకొద్దీ తగ్గే విలువ, పన్ను లెక్కలో ఆదాయంలోంచి తీసేసేది) మొదటి ఏళ్ళలోనే ఎక్కువగా చూపించుకోవచ్చు అన్నారు. అప్పటి రూల్ ప్రకారం ఉదాహరణకి 10 లక్షల డాలర్ల బిల్డింగ్, 40 ఏళ్ళ ఆయుష్షు అనుకోండి, పాత పద్ధతిలో ఏడాదికి 25 వేలు తీసేయొచ్చు, కొత్త పద్ధతిలో మొదటి ఏడాదే 50 వేలు, రెండో ఏడాది 47,500, అలా తగ్గుతూ పోతుంది. చేతికి అద్దె డబ్బులు వస్తూనే ఉంటాయి, కాగితం మీద మాత్రం నష్టం, ఆ నష్టాన్ని వేరే ఆదాయం మీద కూడా సర్దుకోవచ్చు. కొన్నేళ్ళకి తరుగుదల పలచబడగానే అమ్మేసి ఇంకోటి కట్టడం. ఈ లాభం కొత్తగా కట్టినవాటికే, డౌన్‌టౌన్‌లో పాత బిల్డింగ్ బాగుచేస్తే ఇది వర్తించదు. ఇక ఎవడు మాత్రం పొలాల్లోకి పోడు చెప్పండి. దానికి తోడు 1956 జూన్‌లో ఇంటర్‌స్టేట్ హైవేల చట్టం.

పాతనక్షా:
ఒప్పుకుంటా, కానీ చిన్న మెలిక ఉంది. సౌత్‌డేల్ ప్లాన్ ప్రకటించింది 1952లోనే, అంటే మీ టాక్స్ చట్టానికి రెండేళ్ళ ముందు. అది పుట్టడానికి కారణం టాక్స్ కాదు, దాని తర్వాత పుట్టగొడుగుల్లా లేచిన వందల మాల్స్‌కి మాత్రం కచ్చితంగా టాక్సే పెద్ద కారణం. సిటీలో జనాభా పెద్దగా పెరగని చోట కూడా మాల్ మీద మాల్ ఎందుకు కట్టారంటే ఇంకో జవాబు నాకు తోచదు.

మొక్కజొన్నచేను:
వామ్మో ఇంత ఉందా, థాంక్స్ ఇద్దరికీ. మరి డౌన్‌టౌన్ ఏమైంది? ఇంకో డౌటు, ఈ మాల్స్ చచ్చిపోవడం ఆన్‌లైన్ వల్లేనా?

అద్దెబిల్లు:
రెండో దానికి నేను చెప్తా, ఒక మాల్ లీజింగ్ ఆఫీసులో లెక్కలు చూశాను కొన్నాళ్ళు (పేరు వద్దు లెండి). బయటివాళ్ళకి తెలియనిది ఏంటంటే మాల్‌లో పెద్ద స్టోర్ దాదాపు ఏమీ కట్టదు. దాన్ని యాంకర్ అంటారు, రెండు చివర్లా ఒక్కో యాంకర్, మధ్యలో చిన్న షాపుల వరస, జనం ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ చిన్న షాపుల ముందు నుంచి వెళ్ళాలి, అదీ కిటుకు. జనాన్ని లాక్కొస్తున్నందుకు యాంకర్‌కి అద్దె నామమాత్రం, కొన్నిచోట్ల వాళ్ళ బిల్డింగ్, స్థలం వాళ్ళదే. ఖర్చంతా మోసేది చిన్న షాపులు, చదరపు అడుగుకి ఎక్కువ రేటు, అమ్మకాలు ఒక గీత దాటితే అందులో వాటా, మళ్ళీ లైట్లకీ ఊడ్చినందుకూ సెక్యూరిటీకీ కామన్ ఏరియా చార్జీ వేరే.

ఇప్పుడు యాంకర్ మూసేశాడనుకోండి. చాలా లీజుల్లో కో-టెనెన్సీ అని ఒక షరతు ఉంటుంది, యాంకర్ లేకపోతే చిన్న షాపు అద్దె తగ్గించుకోవచ్చు లేదా ఖాళీ చేసి పోవచ్చు. అందుకే మాల్ మెల్లిగా చావదు, ఒక యాంకర్ పోగానే బిలబిలమని వరసగా పోతాయి. 2018లో సియర్స్ అనే పెద్ద స్టోర్ల కంపెనీ దివాలా పిటిషన్ వేసినప్పుడు ఎన్ని మాల్స్ గుండెల్లో రాయి పడిందో. ఆన్‌లైన్ ఆఖరి దెబ్బ, కాదనను, కానీ పక్కపక్కనే అవసరానికి మించి కట్టిన పాపం ముందే ఉంది. ఒహాయోలో నార్త్ ర్యాండల్ అనే బుల్లి ఊళ్ళో 1976లో ర్యాండల్ పార్క్ మాల్ కట్టారు, అప్పట్లో ప్రపంచంలోకెల్లా పెద్దదని చెప్పుకున్నారు, 2009లో మూతపడింది, కూలగొట్టిన ఆ స్థలంలో ఇప్పుడున్నది అమెజాన్ గోడౌన్. నవ్వాలో ఏడవాలో తెలీదు.

నికొలెట్_నడక:
డౌన్‌టౌన్ సంగతి. మినియాపోలిస్ వ్యాపారులు సౌత్‌డేల్‌ని చూసి బెంబేలెత్తి మాల్‌నే కాపీ కొట్టారు. బిల్డింగ్ నుంచి బిల్డింగ్‌కి రోడ్డు పైన అద్దాల వంతెనలు, వాటినే స్కైవేలంటారు, మొదటిది 1962లో, చలికాలంలో కోటు లేకుండా తిరగొచ్చు. 1967లో నికొలెట్ అవెన్యూలో మామూలు కార్లని ఆపేసి బస్సులు వదిలి నడకదారి చేశారు, పేరు కూడా నికొలెట్ మాల్. ఫలితం? జనం పైన వంతెనల్లో, కింద వీధిలో షాపులకి బేరాల్లేవు అని ఇప్పటికీ గొడవ. డేటన్స్ మాత్రం నష్టపోలేదు, 1962లో అదే కంపెనీ టార్గెట్ అనే చవక స్టోర్ మొదలుపెట్టి చివరికి కంపెనీ పేరే టార్గెట్ అయింది. వాళ్ళ పాత డౌన్‌టౌన్ స్టోర్ చేతులు మారి మేసీస్ అనే ఇంకో కంపెనీ స్టోర్‌గా ఉండి 2017లో మూసేశారు.

గేటు_బయట:
అందరూ మాల్‌ని ఊరి నడిబొడ్డు అంటున్నారు, ఎవరి నడిబొడ్డు? ఈడైనాలో కంట్రీ క్లబ్ డిస్ట్రిక్ట్ అనే కాలనీలో తెల్లవాళ్ళకి తప్ప ఇల్లు అమ్మకూడదని దస్తావేజుల్లోనే రాసుకున్నారు, ఇంకా పైన చెప్పిన ఆ ఇంటి లోన్లు నల్లవాళ్ళకి దాదాపు అందలేదు. కారు లేకపోతే మాల్‌కి వెళ్ళడమే కష్టం. పైగా అది ప్రైవేట్ స్థలం, వీధిలో కరపత్రం పంచినట్టు అక్కడ పంచలేరు, 1972లో సుప్రీంకోర్టు లాయిడ్ కేసులో యజమాని వద్దంటే వద్దు అనేసింది. 1980లో ప్రూన్‌యార్డ్ కేసులో మాత్రం రాష్ట్రం తన రాజ్యాంగం ప్రకారం ఆ హక్కు ఇవ్వొచ్చు అంది, కాలిఫోర్నియాలో అందుకే కొంచెం వీలుంది. మార్కెట్ చౌరస్తాలో మీటింగ్ పెట్టుకోవడానికి సెక్యూరిటీ గార్డు పర్మిషన్ ఎందుకు గురూ?

పాతనక్షా:
గేటు_బయట చెప్పింది నిజం, గ్రూయెన్ మీద అభిమానంలో మేం దాటేసే విషయం అది.

మొక్కజొన్నచేను గారూ, సౌత్‌డేల్ ఇంకా తెరిచే ఉంది, యజమాని సైమన్ ప్రాపర్టీ గ్రూప్. జేసీపెన్నీ అనే పెద్ద స్టోర్ పోయిన చోట 2019లో లైఫ్ టైమ్ వాళ్ళ పెద్ద జిమ్ వచ్చింది, పార్కింగ్ మూలల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి. ఆ అపార్ట్‌మెంట్లు గ్రూయెన్ నక్షాలో ముందే ఉన్నాయి, అరవై ఏళ్ళకి పైగా లేటు, ఈసారి కూడా కట్టింది ఆయన ఆశయం కోసం కాదు, ఖాళీ పార్కింగ్ కంటే ఫ్లాట్ల అద్దె ఎక్కువ కాబట్టి.