ప్రభుత్వ మెడికల్ కాలేజీలో సీటు 12 లక్షలైతే అది ఇంకా ప్రభుత్వ కాలేజీయేనా?

బ్రాడీపేట_4/14:
పార్టీల గోల వద్దని ముందే చెప్తున్నా, ఈ విషయంలో ఇద్దరూ ఇద్దరే. 2023లో మచిలీపట్నం, ఏలూరు, రాజమండ్రి, విజయనగరం, నంద్యాలలో కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి, సంతోషం. అయితే జీవో 107 ప్రకారం ఆలిండియా కోటా పోగా మిగిలిన సీట్లలో సగానికే 15 వేల ఫీజు. 35 శాతం సెల్ఫ్ ఫైనాన్స్, ఏడాదికి 12 లక్షలు. 15 శాతం ఎన్నారై కోటా, 20 లక్షలు. అప్పుడు దీన్ని తిట్టినవాళ్ళు అధికారంలోకి వచ్చాక, 2025లో, మిగతా కాలేజీల్లో పదింటిని పీపీపీలో, అంటే ప్రైవేటువాళ్ళ భాగస్వామ్యంతో కట్టిస్తామన్నారు. ఇప్పుడు తిట్టే వంతు అవతలివాళ్ళది.

నా ప్రశ్న మెడికల్ ఒక్కదాని గురించి కాదు. యూనివర్సిటీల్లో సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు, దూరవిద్య ఫీజులతో నడిచే ఖర్చులు, గెస్ట్ ఫ్యాకల్టీతో నడిచే డిపార్ట్‌మెంట్లు, అన్నీ ఒకే దారిలో పోతున్నాయి. యూనివర్సిటీలకు గ్రాంట్లిచ్చే కేంద్ర సంస్థ యూజీసీ వేసిన జస్టిస్ పున్నయ్య కమిటీ (ఆయన మన శ్రీకాకుళం మనిషే) 1993లో, యూనివర్సిటీలు నడుపుదల ఖర్చులో మొదట 15 శాతం, పదేళ్ళలో 25 శాతం సొంతంగా తెచ్చుకోవాలని చెప్పింది. అది సెంట్రల్ యూనివర్సిటీల గురించి చెప్పిన మాట. కానీ అప్పుడు మొదలైన 'మీరే సంపాదించుకోండి' అనే ధోరణి మన నాగార్జున యూనివర్సిటీ దాకా రావడానికి ఎన్నాళ్ళో పట్టలేదు. సంపాదించుకోమంటే ఏ కాలేజీ అయినా డబ్బు కట్టగలిగినవాణ్ణే వెతుక్కుంటుంది, అమ్ముడుపోయే కోర్సే పెడుతుంది. కాదంటారా?

కృష్ణలంక_కుర్రోడు:
కాదనే అంటా బ్రో. 150 సీట్ల కాలేజీలో ఆలిండియా కోటా తీసేస్తే 127 మిగులుతాయి, అందులో దాదాపు 64 సీట్లు 15 వేలకే. ఈ కాలేజీ పెట్టకపోతే ఆ 64 ఎక్కడివి? సున్నా. డబ్బున్నోడు 12 లక్షలు కట్టి మిగతావాళ్ళ ఖర్చు మోస్తుంటే మనకేంటి నొప్పి? ఆర్టీసీ వాళ్ళు ఏసీ బస్సులు వేశారని పల్లెవెలుగు ఆగిపోయిందా?

బ్రాడీపేట_4/14:
ఏసీ బస్సంటే వేరే బస్సు. ఇక్కడ పల్లెవెలుగులోనే సగం సీట్లకు ఏసీ రేటు పెట్టారు. నీట్ ర్యాంకులో ముందున్న పిల్ల బయట నిలబడుతుంది, వెనకున్న పిల్లాడు 12 లక్షలు కట్టి లోపల కూర్చుంటాడు. అదీ మన పన్నులతో, కేంద్రం డబ్బుతో కట్టిన బిల్డింగులో. ప్రైవేటు కాలేజీల్లో బీ కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) రేటూ దాదాపు ఇంతే కదా, ఇక తేడా ఏముంది?

రిటైర్డ్_లెక్చరర్_గుంటూరు:
బాబూ, దీనికి పాత కథ ఒకటి ఉంది, మీకెవరికీ గుర్తుండకపోవచ్చు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు ప్రొఫెషనల్ కాలేజీల కోసం ఒక పద్ధతి పెట్టింది, సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంట్ సీట్లు, కట్టేవాళ్ళ డబ్బుతో కట్టలేనివాళ్ళు చదవాలని. ఆ కేసులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. 2002లో టీఎంఏ పాయ్ కేసులో 11 మంది జడ్జీల బెంచి ఆ పద్ధతిని పక్కన పెట్టింది. అంటే ప్రైవేటువాళ్ళ దోపిడీకి కళ్ళెం వేయడానికి పుట్టి, వాళ్ళకే నచ్చక పోయిన లెక్కను 30 ఏళ్ళ తర్వాత ప్రభుత్వం తన సొంత కాలేజీలో పెట్టుకుంది. నాకైతే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇంకో మాట. విజయవాడ సిద్ధార్థ మెడికల్ కాలేజీని 1980లో ఒక ప్రైవేటు సొసైటీ పెట్టింది, తర్వాత అది ప్రభుత్వ కాలేజీ అయింది. ప్రైవేటుది ప్రభుత్వం చేతికి రావడం కూడా ఈ ఊళ్ళోనే జరిగింది. 'ప్రపంచమంతా ఇంతే, మార్కెట్ ఇటే లాగుతుంది' అనేవాళ్ళకు చెప్తున్నా, దీన్ని ఎవరో కూర్చుని నిర్ణయిస్తారు, తనంతట తాను ఏదీ జరగదు.

పెదకాకాని_బాబు:
అందరూ ఫీజు అనగానే ఏడుస్తున్నారు కాబట్టి నా సంగతి చెప్తా. మా నాన్న మిర్చి యార్డులో గుమస్తా. 2009లో ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ప్రైవేటు కాలేజీలో ఇంజనీరింగ్‌లో చేరా. ఆ స్కీమే లేకపోతే నేను కూడా యార్డులోనే ఉండేవాణ్ణి. ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలు ఎన్ని ఉన్నాయి సార్ అప్పుడు? ఉన్నవాటిలో సీటు రావాలంటే కార్పొరేట్ ఇంటర్ కాలేజీలో లక్షలు పోసి కోచింగ్ తీసుకున్నవాడికే వచ్చేది. మార్కెట్ మార్కెట్ అని తిడుతున్నారు గానీ మా కులం పిల్లలు, మా ఊరి పిల్లలు ఆ ప్రైవేటు కాలేజీల వల్లే హైదరాబాద్, బెంగళూరు చూశారు.

బ్రాడీపేట_4/14:
బాబు గారూ, మీ చదువు గురించి ఒక్క మాట కూడా అనను, స్కీమ్ వల్ల లక్షల మందికి మేలు జరిగింది నిజమే. నేను అడిగేది ఆ డబ్బు వెళ్ళిన దారి గురించి. అంతకుముందు ప్రభుత్వం కాలేజీ పెట్టేది, లెక్చరర్లకు జీతమిచ్చేది, పిల్లలు వచ్చి చదువుకునేవాళ్ళు. 2008 తర్వాత పిల్లవాడి తరఫున ఫీజు కట్టడం మొదలుపెట్టింది, వాడు ఏ కాలేజీకి పోతే డబ్బు ఆ కాలేజీకి. ఒక రకంగా ప్రభుత్వమే పెద్ద కస్టమర్ అయింది, అదీ టైముకు కట్టని కస్టమర్ అనుకోండి! దాంతో ప్రైవేటు కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి, ఇటు ప్రభుత్వ కాలేజీల్లో పోస్టులు ఖాళీ అవుతుంటే నింపినవాడు లేడు. ఖర్చు పెరిగిపోయిందని 2012లో 10 వేల లోపు ర్యాంకుకే పూర్తి ఫీజు, మిగతావాళ్ళకు ఇంజనీరింగ్‌కు 35 వేలే అన్నారు. తర్వాతొచ్చినవాళ్ళు పూర్తి ఫీజు తల్లి ఖాతాలో వేస్తామన్నారు, ఆ తర్వాతివాళ్ళు మళ్ళీ కాలేజీకే వేస్తామన్నారు. ఎవరి ఖాతా అనే దాని మీదే పదిహేనేళ్ళ గొడవ. సొంత కాలేజీల సంగతేంటని ఒక్కళ్ళూ అడగలేదు.

2020 డిసెంబరులో జీవో 77 తెచ్చి ప్రైవేటు కాలేజీల్లో పీజీకి ఈ ఫీజు ఆపేశారు కదా. కావాలంటే యూనివర్సిటీలో చదువుకోండి అన్నట్టు. పిల్లలు అటు వెళ్ళి చూస్తే అక్కడ పాఠం చెప్పే రెగ్యులర్ ఫ్యాకల్టీ ఎంతమంది మిగిలారు?

గెస్టు_మాస్టారు:
ఆ ప్రశ్నకు జవాబు నేనే. ఎక్కడ పనిచేస్తానో చెప్పను, హైవే మీద వెళ్ళేవాళ్ళందరికీ కనబడే చోటే అనుకోండి, కాదూ అనుకోండి. పీహెచ్‌డీ, నెట్ రెండూ ఉన్నాయి. పీరియడ్ల లెక్కన జీతం, సెలవుల్లో సున్నా. ప్రతి ఏడాది రెన్యువల్ టెన్షన్. నాలాంటివాళ్ళం వెళ్ళిపోతే సగం క్లాసులు జరగవు, ఆ సంగతి పైవాళ్ళకీ తెలుసు.

కుర్రోడు గారు అన్నారు కదా, డబ్బున్నోడు కట్టి మిగతావాళ్ళను మోస్తాడని. ఆ మోత నేను చూడలేదండీ. సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సు అంటే మాకు తెలిసిన అర్థం, దానికి పర్మనెంట్ పోస్టు ఇవ్వరని. ఫీజు వస్తుంది, పాఠం గెస్టు చెప్తాడు, మిగిలింది జీతాలకీ పెన్షన్లకీ పోతుంది. ఎందుకంటే ప్రభుత్వం ఇచ్చే బ్లాక్ గ్రాంటు వాటికే చాలదు. దూరవిద్యా అంతే, ఒకప్పుడు ఏ రాష్ట్రంలో చూసినా మన యూనివర్సిటీల స్టడీ సెంటర్ల బోర్డులు ఉండేవి, 2013లో 'మీ పరిధి దాటి సెంటర్లు పెట్టకూడదు' అని యూజీసీ అనేసరికి ఆ రాబడికి గండి పడింది. చదువు మంచిదా చెడ్డదా అని కాదు, గల్లాపెట్టె ఎలా నింపాలా అన్న ఆలోచనలోనే ఏళ్ళు గడిచిపోయాయి.

ఇక ఏది అమ్ముడుపోదో అది చచ్చిపోతుంది. 2023-24 నుంచి డిగ్రీలో సింగిల్ మేజర్ (ఒక్కటే ప్రధాన సబ్జెక్టు) వచ్చాక చాలా కాలేజీల్లో ఫిజిక్స్‌కీ హిస్టరీకీ పిల్లలు దొరకడం లేదు, కంప్యూటర్స్ మాత్రం నిండుతుంది. ఇంజనీరింగ్‌లో చూడండి, 2024-25 నుంచి బాగా నడిచే కాలేజీలకు సీట్ల మీద పరిమితిని సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ తీసేసింది, సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) సెక్షన్లు పెంచుకుంటూ పోయారు, సివిల్, మెకానికల్ ఎండిపోతున్నాయి. అమరావతి కట్టాలంటారు, సివిల్ ఎవరు చదువుతారు?

కృష్ణలంక_కుర్రోడు:
మాస్టారూ, మీ బాధ అర్థమైంది, దానికి నేను ఎగతాళి చేయను. కానీ రెగ్యులర్ ఫ్యాకల్టీ నిండుగా ఉన్న రోజుల్లో అంతా బ్రహ్మాండంగా ఉండేదా? నేను చదివిన ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఒక సారు నెలజీతం తీసుకుని సాయంత్రం బెంజి సర్కిల్ దగ్గర ట్యూషన్ చెప్పుకునేవాడు, క్లాసుకు వచ్చిన రోజులు తక్కువ. అడిగే దిక్కు లేదు. ప్రైవేటులో అలా చేస్తే నెల తిరక్కముందే ఇంటికి పంపిస్తారు. పోటీ ఉంటే భయం ఉంటుంది. రేటింగులు, ర్యాంకులు వచ్చాక కనీసం వెబ్‌సైటులో ఫ్యాకల్టీ పేర్లన్నా పెడుతున్నారు.

అరండల్‌పేట_అమ్మ:
పేర్లు పెడతారు బాబూ, మనుషులు ఉండాలిగా. మా అమ్మాయి కాలేజీలో తనిఖీ వస్తుందంటే వారం ముందు నుంచి గోడలకు రంగులు, ఎక్కడి నుంచో తెచ్చిన కొత్త సార్లు, లైబ్రరీలో కొత్త పుస్తకాలు. తనిఖీ అయ్యాక సార్లూ లేరు, పుస్తకాలకు తాళం. ఫీజు బకాయి ఉందని హాల్ టికెట్ మాత్రం ఆపారు, ప్రభుత్వం ఇవ్వాల్సిన డబ్బుకు మా పిల్లని నిలబెట్టారు.

బ్రాడీపేట_4/14:
రేటింగు సంగతా? 2025 ఫిబ్రవరిలో, కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ తనిఖీ బృందం సభ్యుల్ని లంచం కేసులో సీబీఐ అరెస్టు చేసింది, వాళ్ళు వచ్చింది మన గుంటూరు జిల్లాలోని ఒక సంస్థను చూడటానికే. నేరం రుజువైందని నేననను, అది కోర్టు తేల్చాలి. కానీ గ్రేడు ఉంటేనే పిల్లలు, పిల్లలు ఉంటేనే డబ్బు అన్న చోట గ్రేడుకు కూడా రేటు పుట్టదని ఎలా నమ్మమంటావు?

లీడ్స్_లక్ష్మి:
ఇక్కడి సంగతి చెప్తా, ఎవరైనా 'ఫారిన్‌లో చూడండి' అనే ముందే. ఇంగ్లండ్‌లో 1998 దాకా ఇక్కడి పిల్లలకు యూనివర్సిటీ ఫీజు లేదు. ఆ ఏడాది 1,000 పౌండ్ల దాకా పెట్టారు, 2006లో 3,000 దాకా, 2012లో 9,000 దాకా. అంతా 'కొంచెమే కదా' అంటూనే. తర్వాత ఆ ఫీజు పెద్దగా పెంచకుండా ఆపేశారు, ఖర్చులు మాత్రం పెరిగాయి, ఆ లోటు ఎవరు పూడుస్తున్నారు అంటే బయటి దేశాల స్టూడెంట్లు, వాళ్ళ ఫీజుకు పరిమితి లేదు. అంటే మన గుంటూరు, విజయవాడ తండ్రులు పొలం తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బు కూడా ఇక్కడి యూనివర్సిటీలను నడుపుతోంది! 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్‌కు వచ్చేవాళ్ళు భార్యనో భర్తనో తెచ్చుకోకూడదన్నారు, మనవాళ్ళు రావడం తగ్గింది, వెంటనే గిలగిలలాడారు. వేల్స్‌లోని కార్డిఫ్ యూనివర్సిటీ 2025 జనవరిలో 400 ఉద్యోగాలు తీసేసే ప్రతిపాదన పెట్టింది. ఎక్కడో వీసా రూలు మారితే ఇక్కడ మ్యూజిక్ డిపార్ట్‌మెంట్ మూసేయాలా అని చర్చ. ఇదీ కస్టమర్ మీద బతికే యూనివర్సిటీ సంగతి.

పెదకాకాని_బాబు:
లక్ష్మి గారూ, అయినా మనవాళ్ళు అక్కడికే పరిగెడుతున్నారు కదా, నాగార్జునకు రావట్లేదు కదా. ముందు దానికి జవాబు చెప్పాలి.

రిటైర్డ్_లెక్చరర్_గుంటూరు:
జవాబు మీ కళ్ళ ముందే ఉంది బాబూ. ఏసీ కాలేజీ 1885 నాటిది, హిందూ కాలేజీ 1935 నాటిది. వాటిని కట్టింది ప్రభుత్వం కాదు, మిషనరీలు, దాతలు. జీతాలు మాత్రం ఎయిడెడ్ పోస్టుల కింద ప్రభుత్వం ఇచ్చేది, పేద పిల్లలు నామమాత్రపు ఫీజుతో చదివేవారు. నేనూ అలాంటి పోస్టులోనే చేసి రిటైరయ్యా. మా తర్వాత ఖాళీలు నింపనివ్వలేదు, ఒక్కొక్కరం వెళ్ళిపోతుంటే ఆ కుర్చీలో మేనేజ్‌మెంట్ తక్కువ జీతానికి పెట్టుకున్నవాళ్ళు కూర్చున్నారు. చివరికి 2021లో ఎయిడెడ్ సిబ్బందిని, ఆస్తుల్ని ప్రభుత్వానికి అప్పగించండి, లేదంటే ప్రైవేటుగా నడుపుకోండి అన్నారు. విజయవాడలో, గుంటూరులో పిల్లలూ తల్లిదండ్రులూ రోడ్డెక్కితే కొంత వెనక్కి తగ్గారు. చదువు బాగాలేకే జనం రాలేదంటున్నారు, నేను చూసింది మాత్రం వేరే. ముందు మనుషుల్ని ఆపారు, తర్వాత చదువు పోయింది, ఆ తర్వాత పిల్లలు పోయారు. ఆ క్రమం తిరగేసి చెప్పకండి.

ట్యూషన్లు చెప్పుకున్న లెక్చరర్ల గురించి కుర్రోడు అన్నది నిజం, అలాంటివాళ్ళు మాలో ఉన్నారు, వాళ్ళను ఏరివేయాల్సింది. దానికి పోస్టులే ఎత్తేశారు.

కృష్ణలంక_కుర్రోడు:
సరే మాస్టారూ, క్రమం మీరు చెప్పినట్టే అనుకుందాం. ఇప్పుడు డబ్బెక్కడిది? కొఠారీ కమిషన్ 1966లో విద్యకు జాతీయాదాయంలో 6 శాతం అంది, ఏ ప్రభుత్వమూ పెట్టలేదు. కేంద్రమే 2017లో కెనరా బ్యాంకుతో కలిసి హెఫా అని పెట్టి యూనివర్సిటీలకు గ్రాంటు బదులు అప్పు ఇవ్వడం మొదలెట్టింది. అప్పు తీర్చాలంటే ఫీజు పెంచాలి. పైనుంచి కింద దాకా ఇదే పరిస్థితి అయితే మచిలీపట్నం కాలేజీ ఒక్కదాన్నీ తిట్టి ఏం లాభం?

బ్రాడీపేట_4/14:
తిట్టి లాభం ఏంటంటే, మచిలీపట్నంలో ఆ సీట్లు అమ్మకుండా ఉంటే ఎంత డబ్బు తగ్గుతుందో లెక్క కట్టొచ్చు. 12 లక్షల సీట్లు 44, 20 లక్షల సీట్లు 19 అనుకో, అన్నీ నిండినా ఒక బ్యాచ్ మీద ఏడాదికి 9 కోట్ల పైచిలుకు. రాష్ట్ర బడ్జెట్ లక్షల కోట్లలో ఉంటుంది, ఈ డబ్బు దొరకదంటే నేను నమ్మను. దొరకదనడం లేదు, పెట్టం అంటున్నారు, అంతే.

అరండల్‌పేట_అమ్మ:
మీ లెక్కలు బాగున్నాయి గానీ నాదొక చిన్న ప్రశ్న. మా అమ్మాయి డిగ్రీ అయిపోతుంది, యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేస్తానంటోంది. చేర్పించమంటారా వద్దంటారా? సూటిగా చెప్పండి.

గెస్టు_మాస్టారు:
చేర్పించండమ్మా. కానీ కౌన్సెలింగ్‌లో ఆప్షన్ పెట్టేముందు ఆ కోర్సు రెగ్యులరా, సెల్ఫ్ ఫైనాన్సా అడగండి, రెండిటి ఫీజూ ఒకటి కాదు. డిపార్ట్‌మెంట్‌కు స్వయంగా వెళ్ళి, పర్మనెంట్ సార్లు ఎంతమంది, ల్యాబ్ ఎన్నిగంటలకు తెరుస్తారు అని సీనియర్ పిల్లల్ని అడగండి, ఆఫీసువాళ్ళని కాదు. స్కాలర్‌షిప్ వస్తుందో రాదో కాగితం మీద చూపించమనండి. జూన్‌లో వెళ్ళకండి, మేమెవరం ఉండం, మాకు జీతం లేని నెల అది.