ఫ్యాన్‌ఫిక్షన్‌లో ఇంగ్లిష్ మాట తప్పు పడితే అందరి ముందూ దిద్దాలా, వదిలేయాలా?

#1 పాలపుంత

పోయిన వారం మనలో ఒకరు తమ మొదటి ఫ్యాన్‌ఫిక్షన్ (ఇష్టమైన ఆట, సినిమా లేదా పుస్తకం ఆధారంగా అభిమానులు రాసే కథ) ఇంగ్లిష్‌లో రాసి ఇక్కడ పెట్టారు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో తాము ఆడే పాత్ర చుట్టూ అల్లుకున్న కథ. ఆ పాత్ర ఒక దొంగ. ఆటలో అలాంటి పాత్రను రోగ్ అంటారు. కథ పొడుగునా జి, యు అక్షరాలు అటూ ఇటూ అయి రోగ్ కాస్తా రూజ్ అయింది. రూజ్ అంటే బుగ్గలకు అద్దుకునే ఎర్రరంగు.

కింద పద్నాలుగు కామెంట్లు వచ్చాయి. పదకొండు ఆ ఒక్క మాట గురించే. ఆ దొంగ తప్పిపోయిన చెల్లెలి కోసం వంతెన కింద రెండు రాత్రులుగా కాపు కాస్తుంటాడు, మూడో రాత్రి మొదలవుతుండగా అధ్యాయం ఆగుతుంది. ఆ ఘట్టం గురించి ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. మరునాటికి కథ తీసేశారు.

ఆ పదకొండు కామెంట్లలో ఒకటి నాది. నేను ఫిజిక్స్ పాఠాలు చెబుతాను. ఎవరైనా కాంతి సంవత్సరాన్ని కాలంగా వాడితే అక్కడే ఆపి, అది దూరం, సుమారు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు అని చెప్పడం నా పని. కానీ ఇది క్లాసు కాదు. వారం రోజులుగా నాకు ఇదే ఆలోచన. మాట తప్పు పడితే దిద్దడం మన బాధ్యతా, లేక మనం చేస్తున్నది ఇంకేదైనానా? మీరేమంటారు?

#2 పెద్దబాలశిక్ష

దిద్దాలి. ఆ పదకొండులో నాదీ ఒకటి ఉంది. రాసినందుకు చింతించడం లేదు.

మనం ఎలాంటివాళ్లమో ఒకసారి గుర్తు చేసుకుందాం. స్టార్ ట్రెక్ అనే అంతరిక్ష సీరియల్‌లో ఎవరి చొక్కా ఏ రంగో, ఆ రంగు ఏ విభాగానిదో రాత్రంతా వాదించుకునే జనం. ఓడ పేరులో ఒక్క అక్షరం పోయినా ఒప్పుకోం. మరి భాష దగ్గరికి వచ్చేసరికి 'అర్థమైందిగా, చాలు' అనడం ఏం న్యాయం?

అభిమానుల చర్చల్లో అందరూ వాడే మాట కానన్. అసలు కథలో నిజంగా జరిగింది అని అర్థం. ఇంగ్లిష్‌లో దానికి మధ్యలో ఒకటే ఎన్. రెండు ఎన్‌లు పెడితే ఫిరంగి. రోజుకు పది పోస్టుల్లో ఫిరంగులే కనిపిస్తాయి. ఆ మాట మనకు ఎలా వచ్చిందో తెలిస్తే అలా రాయాలనిపించదు. కానన్ అంటే ప్రామాణికమైన పవిత్ర గ్రంథాల జాబితా. రోనాల్డ్ నాక్స్ అనే ఆంగ్ల రచయిత 1911లో షెర్లాక్ హోమ్స్ కథల మీద ఒక వ్యాసం చదివి వినిపించారు. బైబిల్ పండితులు వాక్యాలను పరిశీలించే తీరులోనే ఆ కథలను పరిశీలించారు. అక్కడి నుంచి హోమ్స్ అభిమానులు నాలుగు నవలలనూ, 56 కథలనూ కలిపి కానన్ అనడం మొదలుపెట్టారు. వందేళ్లకు పైగా అభిమానులు చేతులు మార్చుకుంటూ తెచ్చిన మాట అది.

#3 నూనెచెంబు

పెద్దబాలశిక్ష గారూ, మీ పేరు చూసే భయపడ్డాను. అయినా ఒప్పుకోను.

మాటలు ఒకచోట కూర్చోవు. డెసిమేట్ అంటే 'పదిమందిలో ఒకరిని చంపడం' అని, రోమన్ సైన్యంలో అది ఒక శిక్ష అని, 'దాదాపు అందరినీ చంపేశారు' అనే అర్థంలో వాడకూడదని ఇక్కడే ఒకరు నన్ను ఆపారు. సరే. మరి మన నూనె మాటేమిటి? నువ్వుల నుంచి తీసిన నెయ్యి కాబట్టి నూనె. ఆ లెక్కన కొబ్బరి నూనె అనేవాళ్లందరినీ దిద్దాలి. చెంబు అంటే రాగి. స్టీలు చెంబు అనకూడదు. సభికులు అంటే ఒకప్పుడు జూదం ఆడించేవాళ్లు. ఏ సభలోనైనా 'సభికులకు నమస్కారం' అంటే లేచి అభ్యంతరం చెబుతామా?

అందరికీ కోపం తెప్పించే లిటరల్లీ సంగతీ అంతే. 'నవ్వి నవ్వి లిటరల్లీ చచ్చిపోయాను' అంటే పళ్లు నూరతారు. మార్క్ ట్వేన్ 1876లోనే టామ్ సాయర్ గురించి రాస్తూ ఆ మాటను అలా సాగదీసి వాడారు. మన 'అక్షరాలా' చూడండి. చెక్కు మీద 'అక్షరాలా పది వేల రూపాయలు' అని రాస్తాం, ఆ సాయంత్రమే బస్సు దిగి 'అక్షరాలా నరకం చూశాను' అంటాం. రెండూ ఒకే నోటితో అంటాం, రెండూ అందరికీ అర్థమవుతాయి.

#4 పెద్దబాలశిక్ష

నూనె, చెంబు నాకూ ఇష్టమైన ఉదాహరణలే. కానీ మీరు రెండు వేర్వేరు సంగతులు కలిపేశారు.

అర్థం మారడం వేరు, అక్షరం జారడం వేరు. నూనె అర్థం మారడానికి తరాలు పట్టింది, ఊరంతా కలిసి మార్చింది. దొంగను రూజ్ అనాలని ఏ ఊరూ నిర్ణయించలేదు. ఇది చేతివేళ్ల పొరపాటు. రాసినవారే రేపు చూసుకుంటే మార్చుకుంటారు. పొరపాటు చెప్పకుండా ఊరుకుంటే, ఆ కథ ఇంకో నలుగురు చదివి నలుగురూ లోపల నవ్వుకుంటారు. అది మంచిదా?

#5 డాలస్‌వాన

పెద్దబాలశిక్ష గారి వైపే నేను, కొంత వరకు.

అమెరికా వచ్చిన కొత్తలో క్లాసులో ఏదైనా అర్థం కాకపోతే చెయ్యెత్తి 'ఐ హ్యావ్ ఎ డౌట్' అనేదాన్ని. మనకు డౌట్ అంటే అడగాల్సిన ప్రశ్న. అక్కడివాళ్లకు డౌట్ అంటే నమ్మకం లేకపోవడం. ఒక సెమిస్టర్ మొత్తం ఆ ప్రొఫెసర్ నేను తన మాటలను శంకిస్తున్నాను అనుకున్నారు. చుట్టూ ఉన్న ఇరవై మందిలో ఎవరూ చెప్పలేదు. చివరికి ల్యాబ్‌లో ఒక సీనియర్ అక్క పక్కకు పిలిచి చెప్పింది. ఆ రోజు ఏడుపు వచ్చింది. కానీ చెప్పినందుకు కాదు, ఇన్నాళ్లూ ఎవరూ చెప్పనందుకు.

అలాగని ప్రతిదీ దిద్దించుకోనక్కర్లేదు. ప్రీపోన్ అనే మాట లేదని ఆఫీసులో ఒకరు నాతో వాదించారు. ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీలో ఉంది, తీసి చూపించాను. అది మనవాళ్ల ఇంగ్లిష్. తప్పు కాదు.

ఆ అక్క పక్కకు పిలిచింది. ఇరవై మంది ముందు చెప్పలేదు. నాకు తేడా అక్కడే కనిపిస్తోంది.

#6 కెస్సెల్‌దారి

ఫిజిక్స్ చెప్పేవారు మొదలుపెట్టిన చర్చ, ఐదు పోస్టులు అయ్యాయి, ఇంకా పార్సెక్ రాలేదు! నేను తెస్తాను, ఎందుకంటే నా జీవితంలో నాకు అత్యంత ఇష్టమైన తప్పు అది.

తెలియనివాళ్ల కోసం: 1977లో వచ్చిన మొదటి స్టార్ వార్స్ సినిమాలో హాన్ సోలో తన ఓడ ఎంత వేగంగా పోతుందో చెప్పుకుంటూ, కెస్సెల్ దారిని పన్నెండు పార్సెక్‌ల లోపే ముగించానంటాడు. పార్సెక్ కాలం కాదు, దూరం. ఒక్కోటి సుమారు 3.26 కాంతి సంవత్సరాలు. అందులో 'సెక్' ఉండటంతో క్షణాల లెక్క అనిపిస్తుంది. ఆ సెక్ గడియారంలో సెకండ్ కాదు, కోణాన్ని కొలిచే సెకండ్, డిగ్రీలో 3600వ వంతు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతున్నప్పుడు దగ్గరి నక్షత్రం కాస్త పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది. ఆ మొత్తం జరుగుబాటులో సగం ఒక సెకండ్ కోణం ఉంటే ఆ నక్షత్రం ఒక పార్సెక్ దూరంలో ఉన్నట్టు. ఈ పేరు 1913లో పెట్టారు.

ఇక మనవాళ్లు ఏం చేశారో చూడండి. కొందరు రచయిత తప్పన్నారు. కొందరు స్క్రిప్టు తీసి చూపించారు. అందులో, ఎదుటివాళ్లను మెప్పించడానికి సోలో చెప్పే తప్పుడు మాటకు, ఎదురుగా వింటున్న బెన్ అనే పాత్ర ముఖం ఎలా మారాలో సూచన ఉంది. అంటే తప్పు పాత్రది, రచయితది కాదు. ఇంకొందరు అంతటితో ఆగలేదు. కెస్సెల్ దగ్గర కృష్ణబిలాల గుంపు ఉందని, వాటికి ఎంత దగ్గరగా పోతే దారి అంత తగ్గుతుందని, మెల్లగా వెళ్లే ఓడ అయితే అందులో పడిపోతుందని, కాబట్టి తక్కువ దూరం అంటే ఎక్కువ వేగమేనని లెక్క కట్టారు. ఆ వివరణ నవలల్లోకి వెళ్లింది. 2018లో సోలో మీద తీసిన సినిమాలో ఆ అడ్డదారి ప్రయాణాన్నే తెర మీద చూపించారు. ఒక్క మాట కోసం 41 ఏళ్లు!

మా తాతగారు నన్ను చిన్నప్పుడు అవధానాలకు తీసుకెళ్లేవారు. పృచ్ఛకుడు అర్థం పర్థం లేని ఒక పాదం ఇస్తాడు. అవధాని 'ఇది తప్పండీ' అని తిప్పి పంపడు. మిగిలిన మూడు పాదాలూ తను కట్టి, ఆ వెర్రి పాదాన్ని సబబు చేస్తాడు. సభ చప్పట్లు కొట్టేది అప్పుడే. పార్సెక్ విషయంలో అభిమానులు చేసింది అచ్చంగా సమస్యాపూరణమే. పార్సెక్ తప్పని నాకూ తెలుసు. తెలుసు కాబట్టే ఇంత ఆనందం.

#7 మూడోగది

కెస్సెల్‌దారి గారూ, చదువుతుంటే ఒళ్లు పులకరించింది. కానీ ఆ సినిమా కోట్ల మంది చూసింది. దాని తప్పును ప్రేమించడం తేలిక. కొత్తగా రాసేవాళ్ల తప్పుకు మనం మూడు పాదాలు కట్టలేదు కదా.

ఇంకో సంగతి. అన్నింటికన్నా నష్టం చేసే తప్పు వాడకం స్పెల్లింగ్‌ది కాదు. మేరీ సూ అనే మాట 1973లో పాలా స్మిత్ రాసిన ఒక చిన్న స్టార్ ట్రెక్ కథలోది. ఓడలోకి పదిహేనున్నర ఏళ్ల అమ్మాయి వస్తుంది, ఆమెకు రాని విద్య లేదు, అందరూ ఆమెను ప్రేమిస్తారు. అప్పటి అభిమానుల కథల్లో పదే పదే వచ్చే ఒక ధోరణిని చూపడానికి రాసింది. ఇప్పుడు? కత్తి పట్టడం చేతనైన అమ్మాయి కనిపిస్తే చాలు, మేరీ సూ అనేస్తున్నారు. నేను ఇరవై ఏళ్లప్పుడు రాసిన నాయికను ఒకరు అలా అన్నారు. ఆమె నాలుగు అధ్యాయాల్లో మూడుసార్లు ఓడిపోతుంది. ఆ తర్వాత రెండేళ్లు నేను ఆడపాత్రను ముందు పెట్టి రాయలేదు.

నూనెచెంబు గారూ, మాటలు మారతాయి, నిజమే. కానీ కొన్ని మారినప్పుడు చేతిలోని పనిముట్టు పోయి రాయి మిగులుతుంది. అలాంటివి నేను దిద్దుతాను, అందరి ముందే దిద్దుతాను. రూజ్ లాంటివి మాత్రం ప్రచురించే ముందే చదివిపెట్టే బీటా రీడర్ చూసుకోవాల్సినవి. ఫ్యాన్‌ఫిక్షన్ పెట్టుకునే ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ సైట్‌లో చాలామంది విమర్శ కావాలో వద్దో కథ పైనే రాసుకుంటారు. అది చూసి కామెంట్ పెట్టడం పెద్ద కష్టం కాదు.

#8 నూనెచెంబు

మేరీ సూ విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. నా వాదన అంత దూరం సాగదు.

కానీ దిద్దేవాళ్లు కూడా ఒకటి గుర్తుంచుకోవాలి. రచయిత టోల్కీన్ 1937లో తన ది హాబిట్ నవలలో మరుగుజ్జులకు బహువచనం డ్వార్వ్స్ అని రాశారు. అప్పటి డిక్షనరీ ప్రకారం డ్వార్ఫ్స్ అనాలి. అది తన సొంత వ్యాకరణ దోషమని ఆయనే ఒక ఉత్తరంలో ఒప్పుకున్నారు. ఒకప్పుడు ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీకి డబ్ల్యుతో మొదలయ్యే మాటల మీద పనిచేసిన మనిషి ఆయన! అయినా మార్చలేదు, ఆ రూపమే తన కథకు నప్పిందని. 1961లో పఫిన్ అనే ప్రచురణ సంస్థ ముద్రణలో దాన్ని డ్వార్ఫ్స్ అని 'సరిచేశారు'. టోల్కీన్‌కు చాలా కోపం వచ్చింది. ఈ రోజు డిక్షనరీలు రెండు రూపాలనూ ఇస్తున్నాయి. మన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఉన్నది ఆయన తప్పే.

#9 కొత్తకలం

ఆ కథ రాసింది నేనే. తీసేసింది కూడా నేనే.

డిగ్రీ వరకు తెలుగు మీడియం. ఈ ఆట నేను పుస్తకం చూసి నేర్చుకోలేదు, రాత్రిళ్లు వాయిస్ చాట్‌లో వింటూ నేర్చుకున్నాను. రోగ్ అనే మాట నాకు ముందు చెవిలో పడింది. తెలుగులో అయితే విన్నది విన్నట్టు రాస్తే సరిపోతుంది. ఇంగ్లిష్‌లో ఆ చప్పుడుకు ఏ అక్షరాలు పెడతారో ఊహించి రాశాను. స్పెల్ చెక్ ఎర్రగీత పెట్టలేదు, ఎందుకంటే రూజ్ కూడా మాటే.

తప్పని చెప్పినందుకు నాకు బాధ లేదు. మొదటి కామెంట్ చదివి వెంటనే మార్చబోయాను కూడా. కానీ రెండోది అదే, మూడోది అదే. ప్రతిసారీ నోటిఫికేషన్ రాగానే ఈసారి చెల్లెలి గురించి అడుగుతారేమో అని తెరిచాను. పదకొండుసార్లు తెరిచాను. ఆ వంతెన మా ఊరి వంతెన. ఆ ఘట్టానికి నాకు నెల పట్టింది.

#10 పాలపుంత

కొత్తకలం గారూ, క్షమించండి. నా కామెంట్ ఏడోది. అప్పటికే ఆరుగురు చెప్పారని చూసి కూడా రాశాను. నాకు తెలుసని చూపించుకోవడానికి రాశాను. నా ప్రశ్నకు నాకు జవాబు దొరికింది.

కథ నేను రెండుసార్లు చదివాను, అది మాత్రం ఎక్కడా రాయలేదు. నీళ్లు పెరుగుతున్నా అతను పైకి రాడు, ఎందుకంటే ఆ చోటు దాటి వెళ్తే చెల్లెలు తనను వెతుక్కోలేదు. ఆ ఒక్క కారణం చెప్పకుండా చూపించారు. మూడో రాత్రి ఆమె వస్తుందా?

#11 పెద్దబాలశిక్ష

నా అభిప్రాయం మారలేదు. తప్పు తప్పే, చెప్పాలి. కానీ ఒకరు చెప్పాక రెండోవారికి చెప్పే పని మిగలదు. నేను తొమ్మిదోవాడిని.

కొత్తకలం గారూ, మీకు అభ్యంతరం లేకపోతే తర్వాతి అధ్యాయం నాకు విడిగా పంపండి. ముందు కథ గురించి రాస్తాను. మాటల జాబితా వేరే కాగితం మీద, మీరు అడిగితేనే.

#12 కొత్తకలం

పంపాను అండీ. రోగ్ అంతటా సరిచేశాను. ఏడో పేజీలో 'గుట్టుగా' అనే అర్థంలో డిస్క్రీట్ రాశాను. చివర్లో రెండు ఇలు పక్కపక్కన రావాలా, వాటి మధ్య టి రావాలా తేల్చుకోలేకపోయాను. అది చూడండి. జాబితా కూడా కావాలి, ఇప్పుడే అడుగుతున్నాను.

పాలపుంత గారూ, మూడో రాత్రి వస్తుంది. ఒక్కతే రాదు.