నాటు మామిడిని నైట్రోజన్‌ల దాచాల్నా, గట్టు మీదనే ఉంచాల్నా?

గట్టుమీది మామిడి, కొల్లాపూర్
మా తాత పెట్టిన పచ్చడి మామిడి ఒక్కటే మిగిలింది. చుట్టూ ప్లాట్లు పడ్డయి, దసరాకు కొట్టేద్దామని పాలోళ్లు అంటున్నరు. కాయ నిండా పీచు, మార్కెట్ల ఎవ్వరూ కొనరు. కానీ పచ్చడి పెడితే ఏడాదైనా ముక్క మెత్తవడదు. మా అక్క బిడ్డ అగ్రికల్చర్ చదువుతున్నది. “మామా, చిగురు కొస తీసి ద్రవ నైట్రోజన్‌ల మైనస్ 196 డిగ్రీల పెడితే ఎన్నేండ్లైనా ఉంటది” అంటది. చెట్టు లేకుండ చెట్టును దాచుడేందో నాకైతే నమ్మబుద్ధి కాలే. మీరేమంటరు?

కందిచేను, పాలమూరు
గింత ఆలోచన ఎందుకన్నా? పటాన్‌చెరు ఇక్రిశాట్ విత్తన నిధిల జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లి రకాలు లక్షకు పైన మైనస్ 20ల ఉన్నయి. గట్లనే మనది గూడ రెండు టెంకలు ఎక్కడన్న ఫ్రిజ్‌ల పెట్టిస్తే అయిపాయె.

ల్యాబ్ పిల్ల, రాజేంద్రనగర్
అన్నా, జొన్న గింజ ఎండితే నిద్రపోతది, మామిడి టెంక ఎండితే సస్తది. పచ్చిగ ఫ్రీజర్‌ల పెడితే లోపలి నీళ్లు మంచు పలుకులై కణాలను చీలుస్తయి. పనసకు, కోకోకు, రబ్బరుకు గూడ ఇదే గోస. మన దిక్కు మామిడిల టెంక మొలిచినా తల్లి గుణం రాదు, బేనిషాన్ టెంక పెడితే బేనిషాన్ కాస్తదా? అందుకే కొస. మిల్లీమీటరంత చిగురును గ్లిజరాల్, ఇథిలీన్ గ్లైకాల్, డీఎంఎస్‌ఓ, చక్కెర కలిపిన ద్రావణంల నానబెట్టి నీళ్లు గుంజుతరు. తర్వాత ద్రవ నైట్రోజన్‌ల ముంచుతరు. మిగిలిన నీళ్లు మంచు కావు, గాజు లెక్క బిగుసుకుంటయి. జపాన్‌ల అకిరా సకాయ్ బృందం 1990ల చెప్పిన పద్ధతి ఇది. బెల్జియంల ల్యూవెన్‌ల అరటి రకాలను గడ్డకట్టించే దాస్తున్నరు. కానీ మామిడి మస్తు మొండిది. ఆ కొసను మల్ల మొక్క చేయాల్నంటే టిష్యూకల్చర్ సీసాల పెంచాలె, పెట్టంగనే నల్లవడుతది. మీ మేనకోడలు ఆ ముక్క చెప్పనట్టుంది.

గోపాలమిత్ర, నార్కట్‌పల్లి
నైట్రోజన్ సంగతి నన్నడుగుర్రి. ఎదకొచ్చిన బర్లకు సూదులేసే క్యాన్ రోజూ నా బండి మీదనే ఉంటది. దానికి కరెంటు అక్కర లేదు, అది నిజమే. కానీ మూత పెట్టినా ఆవిరైతనే ఉంటది. ఒకపారి నింపే బండి రాలే. కొలత పుల్ల ముంచి తీస్తే మంచు గీత లేదు. వీర్యం స్ట్రాలన్నీ పారవోసిన. కొమ్మ విరిగితే పక్కన చిగురొస్తది, క్యాన్ ఎండితే ఏమొస్తది?

గట్టుమీది మామిడి
గదే నేననేది.

కందిచేను
చెట్టైతే సావదా? మా పిల్లలమర్రికి 2018ల సెలైన్ సీసాలు కట్టి చెదల మందు ఎక్కించిన్రు, మర్సిపోయిన్రా? ఊడలున్న మర్రికే గట్లైతే మీ ఒంటి మామిడి ఎంత!

తొట్టి నాచు, మిర్యాలగూడ
నేను స్పిరులినా పెంచుత. ఒక తొట్టిల నుంచి ఇంకో తొట్టికి మారుస్త పోతే ఏదో ఒకనాడు వేరే నాచు సొచ్చుకుంటది, మొదటి రకం పోతది. గడ్డకట్టించి దాస్తే ఆ బాధ తప్పుతది. గుండ్రటి క్లోరెల్లా చలికి బాగనే ఓర్చుకుంటది, పోగుల స్పిరులినాతోనే తిప్పలు. గోపాలమిత్రన్నా, నీ క్యాన్ ఎండిందంటే తప్పు నింపనోళ్లది, నైట్రోజన్‌ది కాదు.

గోపాలమిత్ర
తప్పు ఎవలదైనా పోయింది నా స్ట్రాలే గదా తమ్మీ.

గట్టుమీది మామిడి
ఇంకో అనుమానం. దాసినంక మల్ల మాకు ఇస్తరా?

ల్యాబ్ పిల్ల
ఇచ్చిన దాఖలా ఉంది. సిరియాల యుద్ధమొచ్చి అలెప్పో విత్తన నిధి చేతికందకపోతే, నార్వేల స్వాల్‌బార్డ్ మంచు దీవి విత్తన ఖజానాల దాసినయి ఇకార్డా అనే పంటల పరిశోధన సంస్థ వాళ్లు 2015ల వాపసు తీస్కున్నరు. కానీ వాళ్లది సంస్థ, మీరు ఒక్క రైతు. ఇచ్చే ముందు కాగితం మీద రాయించుకోర్రి. అవన్నీ అయ్యేదాక చెట్టు ఆగదు గదా, రేపే పెన్సిల్ మందం కొమ్మలు చూసి ఆకులు తుంచుర్రి, కాడలు ఉంచుర్రి. వారం పది దినాలకు మొగ్గ ఉబ్బుతది. అప్పుడు కోసి, తడి గోనెల చుట్టి తెస్తే అంటు నేను కట్టిస్త.

గట్టుమీది మామిడి
పొద్దుగాల పన్నెండు కొమ్మలకు తుంచిన. పాలోళ్లు దేనికని అడిగిన్రు, మేకలకని చెప్పిన.