మెదడు క్యాన్సర్ పరిశోధనకు లక్షన్నర ఇస్తే తీసుకుంటారా?

తాడిపత్రి బండల వ్యాపారి:
మా తోడల్లుడు, నేను కలిసి పాలిష్ యూనిట్ నడిపేవాళ్లం. ఆయన స్కేలు లేకుండానే సుద్దముక్కతో బండమీద తిన్నగా గీత గీసేవాడు. నిరుడు ఆ గీత కుడివైపు జారడం మొదలైంది. బెంగళూరులో స్కానింగ్, ఆపరేషన్ చేసి గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ అన్నారు. ఆరు వారాల రేడియేషన్, టెమోజోలోమైడ్ అనే క్యాన్సర్ మాత్రలు, అన్నీ అయ్యాయి. మనిషి దక్కలేదు.

యూనిట్ల వాళ్లం ఆయన పేరుమీద లక్షన్నర పోగుచేశాం. అన్నదానమని ఒకరు, గుడి ముందు బండపరుపు అని ఇంకొకరు. బండలైతే నేనే ఊరికే ఇస్తాను. డబ్బు మాత్రం ఈ జబ్బు పరిశోధనకే పోవాలి. ఈ మాత్రల పద్ధతి 2005 నుంచీ ఇదేనట! ఇన్నేళ్లలో మా కోత మిషన్లే ఎన్ని మారాయో. ఇంత చిన్న మొత్తం ఎవరైనా తీసుకుంటారా?

కర్నూలు నుంచి ఫార్మసీ అధ్యాపకురాలు:
అన్నా, మీరు విన్నది నిజమే. 2005 నాటి అధ్యయనంలో రేడియేషన్ ఒక్కటే తీసుకున్నవారిలో సగం మంది 12.1 నెలలు దాటి బతికారు. మాత్రలు కలిపితే అది 14.6 నెలలు అయింది. నేటికీ మూల చికిత్స అదే. చాలా మందులు రక్తంలోంచి మెదడులోకి దాటలేవు. కణితి అంచు కూడా స్పష్టంగా ఉండదు, మంచి మెదడులోకి పాకిపోతుంది. అరుదైన జబ్బు కనుక కంపెనీలకు లాభం తక్కువ. బతికి వచ్చి గొంతెత్తేవాళ్లూ తక్కువే. అందుకే ప్రజల సొమ్ము కావాలి.

ప్రొద్దుటూరు, విశ్రాంత ఆడిటర్:
లక్షన్నరతో ల్యాబులో ఏం జరుగుతుందండీ? బెంగళూరులో గది అద్దె కట్టలేక రేడియేషన్ మధ్యలోనే ఇంటికి వచ్చేసినవాళ్లున్నారు. ముందు వాళ్లను చూడండి.

తాడిపత్రి బండల వ్యాపారి:
మీ మాట కాదనను సార్. కానీ అద్దె కట్టి పూర్తి వైద్యం చేయించినా చేతికొచ్చేది ఆ పద్నాలుగు నెలలేగా? మావాడికి గదికీ మందుకీ లోటు రాలేదు. లోటంతా మందులోనే ఉంది.

ప్రొద్దుటూరు, విశ్రాంత ఆడిటర్:
సరే, పట్టు వదలరు కనుక దారి చెబుతాను. ముంబయిలోని టాటా మెమోరియల్ సెంటర్ అణుశక్తి శాఖ కింద ఉంది, విరాళాలు తీసుకుంటుంది. పరిశోధనకే వాడాలని ముందే ఉత్తరం రాసి, ఒప్పుకున్నాకే డబ్బు పంపండి. ఇంకొకటి: 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. ఇలాంటి ప్రభుత్వ సంస్థల పరిశోధనకూ అందులోంచి ఇవ్వవచ్చు. మీ చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి కదా, మీ లక్షన్నర రసీదు చూపించి అడగండి.

తాడిపత్రి బండల వ్యాపారి:
ఇది బాగుంది సార్. శనివారం యూనిట్ల సంఘం కూర్చుంటుంది. ఆ ఉత్తరం నమూనా ఒకటి ఇక్కడ పెడతారా?