వియన్నా కాన్ఫరెన్స్‌కు మొదటిసారి వెళ్తున్నా, వీసా ఫైలు గురించి, ప్రయాణం గురించి చెప్పరా?

ప్రశ్న (వరంగల్ నుంచి ఒక రీసెర్చ్ స్కాలర్):
అందరికీ నమస్కారం. వియన్నాలో జరిగే ఈజీయూ (యూరోపియన్ జియోసైన్సెస్ యూనియన్) సమావేశానికి నా రీసెర్చ్ పోస్టర్ సెలెక్ట్ అయింది. ఇంతవరకు దేశం దాటలేదు. ఇన్విటేషన్ లెటర్ ఉంది కదా, వీసా వచ్చేస్తుందిలే అంటున్నారు ఇంట్లో. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్లే టికెట్ చూశాను, మధ్యలో గంటంపావు టైముంది. సరిపోతుందా?

జవాబు (వియన్నాలో ఉంటున్న ఒక అక్క):
చెల్లెమ్మా, ముందుగా అభినందనలు! ఇన్విటేషన్ లెటర్ ఉంటే చాలనుకోకు. నీ ఖర్చు ఎవరు భరిస్తారు, పని అయ్యాక తిరిగి వెళ్తావా, ఈ రెండింటికీ ఫైలులో జవాబు కనబడాలి. యూనివర్సిటీ ఇచ్చే ఎన్ఓసీలో (అభ్యంతరం లేదని ఇచ్చే లెటర్) నీ కోర్సు ఎప్పటిదాకా ఉంది, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా సెలవు ఇచ్చారు, తిరిగి ఎప్పుడు చేరాలి, ఇవన్నీ రాయించు. టికెట్, హోటల్, ఇన్సూరెన్స్ తేదీలు దానితో సరిపోవాలి. ఇన్సూరెన్స్ షెంజెన్ దేశాలన్నింటికీ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాలు) వర్తించాలి, కనీసం 30,000 యూరోల కవరేజ్ ఉండాలి.

మనవాళ్లకు ఎక్కువగా చిక్కు వచ్చేది పేరు దగ్గర. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. కాన్ఫరెన్స్ రిజిస్ట్రేషన్ మెమోలో ఉన్నట్టు చేస్తే ఇన్విటేషన్ కూడా అలాగే వస్తుంది. అలా వచ్చి ఉంటే నిర్వాహకులకు ఇప్పుడే మెయిల్ పెట్టి పాస్‌పోర్టులో ఉన్నట్టు మార్పించు. టికెట్, ఇన్సూరెన్స్ కూడా అదే పేరుతో తీసుకో.

దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. ఆఖరి గడువు ప్రయాణానికి 15 రోజుల ముందు. అంతదాకా ఆగొద్దు, అపాయింట్‌మెంట్ దొరకడానికే రోజులు పడతాయి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, కొన్ని ఫైళ్లకు 45 దాకా పట్టొచ్చు. కాన్ఫరెన్స్ అయ్యాక పక్క దేశంలోని ప్రేగ్ చూడాలనుకున్నా, ఎక్కువ రోజులు ఉండేది వియన్నాలోనే కాబట్టి ఆస్ట్రియాకే అప్లై చెయ్యాలి.

ఇంకోటి, ఇది చాలామందికి తెలియదు. వీసా ఫీజు 90 యూరోలు. అయితే సైంటిఫిక్ సెమినార్లకు, కాన్ఫరెన్సులకు వెళ్లే పరిశోధకులకు ఆ ఫీజు మినహాయించాలని షెంజెన్ వీసా కోడ్‌లోనే ఉంది. నిన్ను ఆ లెక్కలోకి తీసుకుంటారా లేదా అన్నది ఎంబసీ చూసుకుంటుంది. నువ్వు మాత్రం కవరింగ్ లెటర్‌లో ఒక వాక్యం రాసి అడుగు. అప్లికేషన్ సెంటర్ సర్వీస్ ఛార్జీ ఎలాగూ కట్టాలి.

గంటంపావు వద్దమ్మా. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వస్తే ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది, వియన్నాలో ఉండదు. 2025 అక్టోబరు 12న మొదలైన కొత్త ఎంట్రీ-ఎగ్జిట్ పద్ధతిలో మొదటిసారి వచ్చేవాళ్ల వివరాలు, ఫొటో సిస్టమ్‌లోకి ఎక్కిస్తారు కాబట్టి క్యూ నెమ్మదిగా కదలొచ్చు. మూడు గంటలైనా ఉంచుకో. ఇన్విటేషన్, హోటల్ బుకింగ్, రిటర్న్ టికెట్ ప్రింట్లు చేతి బ్యాగులోనే ఉండాలి.

జవాబు (హైదరాబాద్ నుంచి ఒక ప్రొఫెసర్):
అమ్మా, ప్రభుత్వ గ్రాంటుతో వెళ్తుంటే టికెట్ కొనేముందు మీ అకౌంట్స్ సెక్షన్‌లో అడుగు. చాలాచోట్ల బాల్మర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ అనే ప్రభుత్వ సంస్థల ద్వారా కొంటేనే బిల్లు పాస్ చేస్తారు. బోర్డింగ్ పాసులు అన్నీ దాచుకో, చిన్న ఫ్లైటుదైనా పారెయ్యకు. పోస్టర్ బట్ట మీద ప్రింట్ చేయిస్తే చీరలా మడిచి బ్యాగులో పెట్టుకోవచ్చు. ఈజీయూలో బోర్డులు అడ్డంగా ఉంటాయి, డిజైన్ మొదలుపెట్టేముందే కొలతలు చూసుకో.

ప్రశ్న అడిగినవారు:
సార్, అక్కా, చాలా థ్యాంక్స్. రిజిస్ట్రేషన్‌లో నా పేరు ఇనీషియల్‌తోనే ఉంది, ఇప్పుడే మెయిల్ పెట్టాను! అమ్మ నెయ్యి, చికెన్ పచ్చడి కట్టిస్తానంటోంది. తేవచ్చా? ఎయిర్‌పోర్టు నుంచి హాలుకు ఎలా వెళ్లాలి?

జవాబు (వియన్నా అక్క):
ఆ రెండూ వద్దని చెప్పు. యూరప్ బయటి నుంచి వచ్చేవాళ్లు మాంసం, పాల పదార్థాలు తేకూడదు, పట్టుకుంటే తీసేసుకుంటారు. పచ్చి కరివేపాకు, మామిడిపళ్లు కూడా పెట్టొద్దు. కందిపొడి, ఆవకాయ తెచ్చుకో, ఆవకాయ మాత్రం చెక్-ఇన్ లగేజీలో పెట్టు.

ఎయిర్‌పోర్టులో రైలెక్కితే హాప్ట్‌బాన్‌హోఫ్‌కు, అంటే మెయిన్ రైల్వే స్టేషన్‌కు, పావుగంట. అక్కడ లెయోపోల్డావ్ వైపు వెళ్లే యూ1 మెట్రో ఎక్కి కైజర్‌ముహ్లెన్‌లో దిగితే హాలు పక్కనే. ఆకుపచ్చగా ఉండే సిటీ ఎయిర్‌పోర్ట్ ట్రైన్‌లో సిటీ టికెట్ చెల్లదు, అది ఎక్కకు. మెట్రోలో గేట్లు ఉండవు. కాగితం టికెట్ కొంటే మెట్లు దిగేముందే అక్కడున్న చిన్న మెషీన్‌లో పెట్టి ముద్ర వేయించు. ముద్ర లేకపోతే టికెట్ కొన్నా ఫైన్ పడుతుంది.

ఆదివారం దిగితే షాపులు దాదాపు అన్నీ మూసి ఉంటాయి. హాప్ట్‌బాన్‌హోఫ్ సూపర్‌మార్కెట్ తెరిచే ఉంటుంది, పాలు, బ్రెడ్ అక్కడే కొనుక్కో. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు. మన మూడు పిన్నుల ప్లగ్ ఇక్కడ పట్టదు, ల్యాప్‌టాప్‌కు అడాప్టర్ కావాలి. ఏటీఎంలో రూపాయల్లో లెక్క కట్టమంటారా అని అడిగితే వద్దని యూరోలే నొక్కు. మెయిల్‌కు జవాబు వచ్చాక కొత్త లెటర్‌లో పేరు ఒక్కో అక్షరం పాస్‌పోర్టుతో పోల్చి చూసి, అప్పుడు అపాయింట్‌మెంట్ బుక్ చెయ్యి.